రెండు చెవులూ కనబడాలె

ఆ రోజుల్లో నాకు బేరంలో ఓడిపోవడమంటే ఏమిటో తెలియదు. గెలిచి చిక్కులో పడటమంటే అసలే తెలియదు. కిరాణా కొట్ల బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. సరుకు నచ్చితే దానివంక చూడకు, పక్క సరుకు చూడు అన్నది మా ఇంట్లో ఎక్కాలకంటే ముందు నేర్పిన పాఠం. గల్ఫ్‌లో, సూర్ అనే రేవు ఊళ్లో స్టోర్‌కీపర్‌గా పనిచేస్తూ డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాక, మనుషుల మొహాలు తీయడానికి మంచి లెన్స్ కావాలనిపించింది. పాత సామాన్లమ్మే కడప భాయ్ దుకాణంలో, టేప్‌రికార్డర్ల మధ్య, నాకంటే వయసులో పెద్దదైన లెన్స్ కనబడింది. వెంటనే దాని పక్కనున్న ఇస్త్రీపెట్టెను మెచ్చుకోవడం మొదలుపెట్టాను.

"ఇస్త్రీపెట్టె నీకొద్దులే అన్నా, నీ కన్ను లెన్స్ మీదుండాది" అన్నాడు భాయ్. (ఈ సంగతి మా నాన్నకు ఈనాటికీ తెలియదు.) "దీనికి ఆటోఫోకస్ లేదు గద, గుడ్డిది" అన్నాను. "గుడ్డిదేంది! రింగు చేత్తో తిప్పల్ల, అంతే. చూసేది నువ్వు" అన్నాడు. చివరికి దాన్ని కెమెరాకు తగిలించే అడాప్టర్ కూడా ఊరికే ఇప్పించుకుని, విజేతలా బయటపడ్డాను.

పరీక్ష ఆ వారమే వచ్చింది. మా సైట్ మేస్త్రీ మామ (చుట్టం కాదు, మా జగిత్యాల దిక్కువాడు కావడమే చుట్టరికం) ఇరవై ఏళ్ల డ్యూటీ ముగించి శనివారం విమానంలో పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. "అల్లుడా, ఇన్నేండ్లల్ల నేను దిగిన ఫొటోలన్నీ కాయిదాలకే. వీసాకొకటి, ఈడి గుర్తింపు బతాకా కార్డుకొకటి. ఒక్కటి నాకోసం తియ్, గోడకు పెట్టుకుంట" అన్నాడు. అంతటి లెన్స్ చేతిలో ఉండగా నేను ఊరుకుంటానా? మాటిచ్చేశాను.

శుక్రవారం పొద్దున సముద్రం ఒడ్డున, చెక్కపడవల దగ్గర కూర్చోబెట్టాను. కూర్చున్నాడో లేదో టోపీ తీసి, జుట్టు వెనక్కి దువ్వి, ఊపిరి బిగబట్టాడు.

"గట్ల బిగుసుకుంటవేంది మామా?"

"రెండు చెవులూ కనబడాలె గద. లేకుంటె వాపస్ కొడ్తరు."

"దీన్ని ఎవ్వలూ వాపస్ కొట్టరు. జర నవ్వు."

"నవ్వినా కొడ్తరు!"

నేను రింగు తిప్పడం, ఆయన బిగుసుకోవడం. ఇలా నలభై ఫొటోలు. తెర మీద పెద్దవి చేసి చూస్తే సంగతి బయటపడింది. ఆ లెన్స్‌కు స్పష్టంగా కనబడేది రెండు వేళ్ల మందమే; దానికి ముందూ వెనకా అంతా మసక. నా వేళ్ల ప్రతాపానికి ప్రతి ఫొటోలోనూ కళ్లు మసక. చెవులు మాత్రం, వెంట్రుకలతో సహా, ధగధగలాడుతున్నాయి. తెల్లవారితే విమానం, నా దగ్గరేమో ఎనభై చెవులు.

మామ కెమెరా లాక్కుని చూశాడు. "అబ్బ, చెవులు మస్తు అచ్చినయ్ రా! బేరం జేసి చెవుల మిషిని కొన్నవా?" నేను మొహం మాడ్చుకుని, కెమెరా తీసుకుని నా చోటికి వెళ్లి, రింగు ముట్టుకోకుండానే ఎత్తాను. అదే సమయానికి ఆయనకు తన మాటే మళ్లీ తలపుకొచ్చింది కాబోలు, పడవకు జారగిలబడి, తల వెనక్కి వేసి పకపకా నవ్వాడు. ఇందాక చెవులున్న దూరానికి ఇప్పుడు కళ్లొచ్చాయి. నొక్కాను.

నవ్వి నవ్వి తడిసిన కళ్లు, ముడతల్లో ఎండ, వెనక కరిగిపోయిన నీలం. చెవులు రెండూ మసక. ఆయన కెమెరా తెరను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "నేను నవ్వితె గిట్లుంటనా?" అన్నాడు మెల్లగా. "కావాలనే అట్ల తీసిన" అన్నాను, వెంటనే.

ఆ ఫొటో ఆయనింట్లో టీవీ పైన గోడకుంది. నా ఇప్పటి కెమెరా ఎవరి కళ్లనైనా తానే వెతికి పట్టుకుంటుంది. అయినా మొహాలకు ఆ గుడ్డిదే తగిలిస్తాను. కావాలనే తీశానని నేను కుర్రతనంలో కోసిన కోతలను ఇన్నాళ్లూ దిద్దలేదు, ఇప్పుడు నవ్వుతూ దిద్దుతున్నాను. కళ్లను తెచ్చి పెట్టినవాడు మామే. నొక్కింది మాత్రం నేను. అందులో బేరం లేదు.