రంగు కింద గడ్డలు

మాది ఆమదాలవలస. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది ప్రాంతంలో నేను పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టేదాన్ని. పంతొమ్మిదేళ్లుంటాయి. నాన్న పోయాడు, అమ్మకు ఉబ్బసం. నేను రంగు వేసుకుంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ వేసవిలో బుగ్గల మీద మొటిమలు లేచాయి. వయసు కదా అనుకున్నాను. కానీ అవి గడ్డలు కట్టి, చెయ్యి తగిలితే కళ్లనీళ్లు తిరిగేవి. అమ్మ దిష్టి తీసి, వేపాకు నూరి పట్టించింది. నాటకం ఉన్న రోజు నేను కొబ్బరినూనె పూసి, దాని మీద తెల్లరంగు దట్టించేదాన్ని. గడ్డలు పెరిగేకొద్దీ పూత మందమయ్యేది.

కొత్తవలస దగ్గర ఒక ఊళ్లో, వేషాలు కట్టే పాకలో, రాజు వేషధారి అందరూ వింటుండగా, నాటకాలు కుదిర్చే కంట్రాక్టరుతో అన్నాడు: "ఆ పిల్ల మొకం దగ్గిర మొకమెట్టి నాను పద్యం పాడలేను. అదేటి రోగమో ఏటో!"

కంట్రాక్టరు నా వైపు చూడలేదు. "ముందు నయం సేయించుకో అమ్మా. అప్పుడు కబురెడతాను."

ఇంటికొచ్చి మొహమంతా గోళ్లతో గిల్లుకున్నాను. చీము, నెత్తురు. అమ్మ నా చేతులు పట్టేసుకుంది.

"ఒసే, గిల్లకే! గుంటలడిపోతాయి!"

"పడనీ! ఇంకేటున్నాదని దాసుకోను?"

మర్నాడు అమ్మ నన్ను రైల్లో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లింది. "ఇది అంటుకుంటాదా బాబూ?" అని డాక్టరును అడిగింది.

"లేదమ్మా. ఇందులో ఉండే క్రిమి నా మొహంలోనూ ఉంది, మీ మొహంలోనూ ఉంది. దానికి గాలి సరిపడదు. చర్మంలోని సన్నని రంధ్రాల అడుగున, అక్కడ ఊరే జిడ్డు తింటూ ఊరికే పడి ఉంటుంది. పైన రంధ్రం మూసుకుపోతే లోపల పెరిగిపోతుంది. ఈ పిల్ల నూనె, రంగు పూసి మూత పెడుతోంది." తర్వాత నాతో అన్నారు: "రంగు మానెయ్యాలి. గొట్టం మాత్రలు, అదే క్యాప్సూల్స్, ఇస్తాను. నెలలు పడుతుంది, ఓర్చుకో."

"రంగు మానేస్తే ఏటి తింటామండీ?" అన్నాను. ఆయన తలొంచుకుని మందుచీటీ రాశారు.

ఓర్చుకోలేకపోయాను. వేరే ఊరి తీర్థంలో, అంటే జాతరలో, రాణి వేషానికి ఇంకొకరి దగ్గర్నుంచి పిలుపొస్తే, మళ్లీ నూనె పూశాను. పద్యం మధ్యలో చెంప మీద గడ్డ పగిలింది. రంగులోంచి చీము గడ్డం దాకా కారడం తెలుస్తూనే ఉంది. ముందు వరసలో ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. తుడుచుకుంటే రంగు పోతుందని అలాగే నిలబడి పద్యం ముగించాను. దిగి, పాక వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను.

ఆ తర్వాత చాలాకాలం రంగు ముట్టలేదు. బియ్యం మిల్లులో నూకలు చెరిగాను. ఉన్నదేదో అమ్మకు పెట్టి, చాలా రోజులు గంజితోనే మాత్రలు మింగాను. మరుసటి ఏడాదికి గడ్డలు అణిగాయి. గుంటలు మాత్రం చెంపల నిండా మిగిలాయి.

కంట్రాక్టరు కబురు పెట్టాడు. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. నా మొహం దీపానికి దగ్గరగా తిప్పి చూసి, "రాణికి పనికిరాదు. రాజు తల్లి వేషం ఉన్నాది, కడతావా?" అన్నాడు.

అమ్మ ఏదో అనబోయింది. నేను ముందే ఒప్పేసుకున్నాను. ఇరవై ఒకటో ఏట తెల్లజుట్టు పెట్టుకున్నాను. అది మళ్లీ తియ్యలేదు.