మరిది వెనక్కి తీసుకున్న అప్పీలు

కూర్చోరా నాన్నా. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు.

మన కొబ్బరితోట పక్కనే మీ చిన్నతాత, అంటే నా మరిది, రొయ్యల చెరువు తవ్వేడు. ఉప్పునీరు ఊరి మన నుయ్యి పాడైపోయింది. ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. మీ తాతగారు తమ్ముడి మీద రాజోలు కోర్టులో దావా వేసేరు. అనుమతి లేని చోట తవ్వేడు, మూసెయ్యమని తీర్పొచ్చింది. అతను అమలాపురంలో అప్పీలుకెళ్ళేడు. అది నడిచినంతకాలం చెరువూ నడిచింది. ఆ ఇంట్లో మేం, ఈ ఇంట్లో వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

తాతగారు పోయేక, పెద్దకర్మ నాడు మరిది వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. "అన్నయ్యతో దెబ్బలాడేను గానీ మీతోనా వదినగారూ? మిమ్మల్ని కోర్టుకి రమ్మంటే జడ్జీగారికి కూడా ఆవకాయ పెట్టేస్తారు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వేను. ఆ వారంలోనే అప్పీలు వెనక్కి తీసుకుని చెరువు పూడ్చేడు. వానలు పడగా పడగా నుయ్యి తేరుకుంది.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చిందంట. పాత చెరువులు కూడా మొదట్నించీ సక్రమమేనంట. చుట్టూ అందరి చెరువులూ నడుస్తున్నాయి, ఇతనొక్కడే గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అతని ప్లీడరుగారు తేల్చి చెప్పేరంట: "అప్పీలు ఉండుంటే ఈ చట్టం మీకు పనికొచ్చేదండీ. మీరే తీసేసుకున్నారు, కింది కోర్టు తీర్పు అలాగే ఉంటుంది. మీ వదినగారు రాజీకి సంతకం పెడితే తప్ప దారి లేదు."

పొద్దున్న ఆ సంతకం కోసమే వచ్చేడు. "చట్టం వెనక్కెళ్ళి అందర్నీ ఒడ్డెక్కించింది వదినగారూ. నన్నొక్కణ్ణే మీ విస్తరి దగ్గర వదిలేసింది."

"ఆయ్, నా వంట అంత బాగుందన్నమాట" అన్నాను. అతను నవ్వలేదు.

ఓపిక లేదురా నాకు. అతను చేసిన మంచిపని అతని మెడకే చుట్టుకుంది. సంతకం పెడితే నుయ్యి పోతుంది, మీ అమ్మ మళ్ళీ నీళ్ళ టిన్నులు మొయ్యాలి. పెట్టను. అది తేల్చేసుకున్నాను. కానీ ఆ మాట అతని మొహం మీద...

"అత్తయ్యగారూ, భోజనానికి లేవండి! చిన్నమావయ్యగారు కూడా వచ్చేరు, ఇద్దరికీ వడ్డించేసేను."

వస్తున్నానమ్మా! రాసుకో నాన్నా, సంతకం పెట్టనని ముందు చెప్పి అన్నం పెట్టాలా, లేకపోతే అతను కడుపు నిండా తిన్నాక...