అల్లుడి పేరు అచ్చువేసిన నోటీసు

మొన్న మనవరాలు ఫోనులో ఏదో దేశపు అధ్యక్ష ఎన్నిక వార్తలు చూస్తూ, ఉపాధ్యక్షుడిగా పక్కన ఎవరు నిలబడితే ఏమిటి, ఇంత గొడవెందుకని అడిగింది. నవ్వేశాను గానీ నాకు మా పాత ఎన్నిక ఒకటి గుర్తొచ్చింది.

బర్మాలో, యాంగోన్‌లోని మా తెలుగు సంఘంలోనూ అప్పట్లో అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ జోడీగానే పోటీచేసేవారు. ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న పెదనాన్న, పిల్లలకు తెలుగు నేర్పే బడి స్థలాన్ని అమ్మేద్దామనేసరికి సొంత తమ్ముడైన మా నాన్నే ఆయనకు ఎదురు నిలబడ్డాడు. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుడుతూ, నాలుగు ముక్కలు రాయగలనని మహా మిడిసిపడే నాకు ఆడదాన్ని కాబట్టి ఓటు లేదు, సలహాలకు మాత్రం లోటు లేదు. తాకేటా పేటలోని మన ఇళ్లు చెరిసగం చీలాయి కనుక గెలుపు నది అవతలి దలా వాళ్ల చేతిలో ఉంది, పెదనాన్న అల్లుడు అక్కడివాడే, వాళ్లు ఆయన మాట జవదాటరు, ఆ బావనే ఉపాధ్యక్షుడిగా నిలబెట్టమని నాన్న ప్రాణం తీసి ఒప్పించాను. తన పిల్లల బడి అని బావా సరేనన్నాడు.

నోటీసులో "సొంత అల్లుడే నమ్మని మనిషిని మీరెలా నమ్ముతారు?" అని రాశాను. అంతటితో ఆగి ఉంటే మన ఇళ్లమధ్యే ఉండిపోయేది. తెలుగు బడికోసం పోరాడుతూ, కుర్రకారుకు తెలుగు చదవడం రాదు కదా అని కింద బర్మా లిపిలోనూ వేయించాను. దాంతో నది దాటించే దలా పడవలో ఊరూవాడా చదివింది. కిళ్లీలమ్మే ఒకామె పెదనాన్నను "ఊజీ" అని, అంటే పెద్దయ్యా అని పిలిచి, అల్లుడికి ఇంట్లో భోజనం పెట్టలేదా అందట. పడవంతా గొల్లుమంది.

నోటీసులు పంచడానికి నేనూ దలా రేవులోనే ఉన్నాను. పెదనాన్న పడవ దిగుతూనే బరువులు మోసే వెదురుబద్ద లాక్కుని, చేపలు తూస్తున్న బావను చెవిమీద కొట్టాడు. ఆయన కొడుకులిద్దరూ కిందపడ్డ మనిషిని బురదలో తొక్కారు. నోట్లోంచి నెత్తురు కారుతుంటే పెదనాన్న కూతురైన అక్క పరుగున వచ్చి మొగుడిమీద పడింది, కన్నతండ్రి దెబ్బకు దాని మణికట్టు విరిగింది. ఆ చప్పుడు విన్నాక గానీ ఆయన ఆగలేదు. నేను నోటీసుల కట్ట చంకలో పెట్టుకుని అలాగే నిలబడి చూశాను.

ఇంకా సిగ్గుమాలిన పని తరవాత చేశాను. మా ఓట్లంటే అభ్యర్థి వెనక వరసలో నిలబడడమే. నాలుగు రోజుల్లో ఎన్నిక కనుక, చెవిమీది నెత్తుటి కట్టు అందరికీ కనబడాలి, అందాకా మార్చవద్దని బావకు చెప్పాను. ఆ కట్టు చూసి దలా అంతా మా వరసలోకి వచ్చింది. బడి దక్కింది. లోపల చీముపట్టి బావ చెవి పోయింది.

గెలిచిన సాయంత్రం అక్క నా దగ్గరకొచ్చి, "ఏటే, నీ సదువు నా మొగుడి సెవి తినీసింది. సల్లగుండు," అంది.

ఇప్పుడు సంఘంలో పోటీయే లేదు, పదవి తీసుకోమని జనాన్ని బతిమాలుకుంటున్నాం. ఎవరూ గొంతు పెంచరు, అందరిదీ ఎంతో మర్యాద. మా అక్కా అంతే. ఆ సాయంత్రం నుంచి, చిన్నాన్న కూతురిని, చెల్లెలినైన నన్ను, మీరు అనే పిలుస్తోంది.