వేలంలో దేవదానం తాత

మా కోరుట్ల చర్చిలో దేవదానం తాతకు ఒకే ఒక్క జబ్బు ఉంది. కోత పండుగ వేలంలో అన్నిటికన్నా పాడైన సరుకు ఏదో వెతికి, దాన్నే అందరికన్నా ఎక్కువకు పాడతాడు.

పంట చేతికొచ్చాక ఇంటింటి నుంచి దేవుడికని ఏదో ఒకటి తెస్తారు. బియ్యం, కోళ్లు, గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. పదిహేనేళ్లుగా ఆ వేలం నడిపేది నేనే కనుక కళ్లారా చూసిందే చెబుతున్నాను. గుడ్లు పెట్టే పెట్ట మూడు వందలకు పోయిన రోజున, తాత ఒంటికన్ను పుంజును ఐదు వందలకు పాడాడు. ముప్పై ఏళ్లు జగిత్యాల బస్సులో టికెట్లు కొట్టిన గొంతు కదా, ఆ పాటకు బయట కట్టేసిన మేకలు లేచి నిలబడ్డాయి.

"ఏం సూసి కొన్నవయ్యా దాన్ని?" అని ఆయన భార్య శాంతమ్మ అక్కడే అందుకుంది.

"నడక సూడే, ఎంత దర్జానో!"

"ఏం దర్జా? తొవ్వ కనవడక గోడకు గుద్దుకుంటుంది గది!"

ప్రతి ఏడూ ఇదే వరస. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. పాడైన సరుకంటే తాతదే అని మిగతావాళ్లు నోరు తెరవడమే మానేశారు.

ఒకసారి వేలంలో మా చర్చి హరిప్రసాద్ దోమను కొట్టబోయి చెయ్యెత్తితే, అది పాటగా లెక్కపడి మేకపోతు అతని మెడకు చుట్టుకుంది. ఆ పంచాయితీ మూడు ఆదివారాలు నడిచింది. నోటితో పాడితేనే పాట అని అప్పుడు రూలు పెట్టించింది దేవదానం తాతే.

మొన్నటి పండుగకు తాత మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గొంతుకు ఆపరేషన్ అయి వారమే. నెల లోపల ఒక్క మాట మాట్లాడినా గొంతు మళ్లీ రాదని డాక్టరు చెప్పాడట.

"గీ ఏడు మా ఇల్లు బతికింది," అంది శాంతమ్మ.

వేలం చివరికొచ్చింది. బల్ల మీద ఒక్క సొరకాయ మిగిలింది. సగం పురుగు తినేసింది. తెచ్చింది బీడీలు చుట్టే నర్సక్క. వానలకు పెరడంతా కుళ్లిపోతే ఆమెకు దక్కింది అదొక్కటే. ఎవరూ పాడకపోతే కానుకను తెచ్చినవాళ్ల చేతికే ఇచ్చి పంపడం మా ఆనవాయితీ. ఇంతవరకు ఒక్కటీ అలా వెనక్కి పోలేదు.

"యాభై రూపాయలు," అన్నాను. "ఇరవై." అలవాటుకొద్దీ అందరూ తాత వైపు చూశారు. "పది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సక్క తల దించుకుంది. నేనే పాడదామంటే వేలం వేసేవాడికి పాట లేదు.

తాత చెయ్యెత్తాడు.

"రూలు తాతా, రూలు!" అని అరిచాడు హరిప్రసాద్. మేకపోతు కక్ష అతనికింకా తీరలేదు.

"తియ్యి సునీలూ," అని నాతో అంటూ నర్సక్క లేచింది. "గది మంచిగ లేదు. నేనే తీస్కపోత."

ఆమె బల్ల వైపు నడిచింది. తాత లేచి నిలబడ్డాడు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరిచాడు.

"ఐదు వందలు!"

కేక ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. శాంతమ్మ! పదిహేనేళ్లలో ఆమె పాడటం అదే మొదలు.

"నువ్వు కూసోవయ్యా! గొంతు పోగొట్టుకుంటవా?" అని ఆయన్ని కసిరి, నా మీద పడింది. "ఏం సూస్తున్నవ్ సునీలూ? మంచి కాయనైతే అందరు పాడుతరు. గిసొంటిది ఎనకకు పోతే, తెచ్చినోళ్లు మల్ల చర్చికి రారని గీయన రంది. లేనోళ్లు ఇచ్చిందే దేవునికి పెద్ద కానుకంటడు. గుడ్డి కోడిని గూడ గందుకే తెచ్చి నా నెత్తిన పెట్టిండు. ఊ, ఒకటోసారి అను!"

ఇన్నేళ్లు నవ్వినందుకు నాకు సిగ్గేసింది. నేను ఒకటోసారి అనేలోపే హరిప్రసాద్ "ఆరు వందలు!" అన్నాడు. ఇంకెవరో ఏడు వందలన్నారు. శాంతమ్మ ఊరుకుంటుందా? వెయ్యి అని అందరి నోళ్లూ మూయించింది.

నర్సక్క సొరకాయను రెండు చేతులా తీసుకెళ్లి తాతకు అందించింది. "పుచ్చుకాడికి కోసేసి వండుకోండ్రి తాతా," అంది తలెత్తి.

తాత కళ్లు మెరిశాయి. కాయను భార్య చేతికివ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"ఆపరేషన్ గొంతుకే గద అయింది? పాడింది నేను. వండేది నువ్వే."