వాగు దారిలో తమ్ముణ్ణి పిలిచిందెవరు?

దయ్యాలంటే నాకు నవ్వు. దేవుడి సంగతి కూడా పెద్దగా పట్టించుకోను. మనుషుల మీద మాత్రం అనుమానం జాస్తి. సిరిసిల్లలో ఆ నక్సలైట్ల కాలం చూసినవాళ్లెవరికైనా నా బుద్ధే వస్తుంది. అన్నలకు అన్నం పెడితే పోలీసులతో తంటా, పోలీసులతో మాట్లాడితే అన్నలతో తంటా. పక్కింటివాడు పలకరించినా, వీడు ఎవరి మనిషో అనుకునేవాళ్లం.

మా తమ్ముడు రాజేశం పుట్టు చెవిటివాడు, మాట కూడా లేదు. వాడి గురించే నా గుండెలో ఎప్పుడూ దడ. పోలీసులు ‘ఆగు’ అని అరిస్తే వాడికి వినపడదు. ఆగనివాణ్ణి ఆ రోజుల్లో ఏం చేసేవాళ్లో అందరికీ తెలుసు.

మేమిద్దరం పనిచేసే సాంచాల షెడ్డులో మాత్రం వాడు మాకంటే హుషారు. మరమగ్గాలు నడుస్తుంటే ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరం సైగలే చేసుకుంటాం. అటు తిరిగి ఉన్నవాణ్ణి పిలవాలంటే వేస్టు దారం ఉండ చుట్టి వీపు మీదికి విసురుతాం. ఎవరు విసిరారో తిరిగి చూడకుండానే చెప్పేవాడు మా రాజేశం.

అదే షెడ్డులో ఎల్లవ్వ నూలు కండెలు చుట్టేది. భర్త పోయాక కోరుట్ల నుంచి వచ్చి, ఏసుప్రభువును నమ్ముకుంది. రాజేశం కనపడితే చాలు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. “ఓ ఎల్లవ్వా, నీ ప్రార్థన గూడ వానికి ఇనపడదే!” అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రాజేశం తువ్వాల భుజాన వేసుకుని వాగుకు స్నానానికి బయలుదేరాడు. నేను తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాను. ఎల్లవ్వ నా ఎదురుగానే చేతి రాట్నం మీద కండెలు చుడుతోంది. ఇద్దరమూ లేవలేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను దీని గురించే బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

కాసేపటికే వాడు తిరిగి వచ్చాడు. తువ్వాల పొడిగా ఉంది. నా ముందు నిలబడి, ఎందుకు పిలిచావని సైగ చేశాడు. నేను పిలవలేదన్నాను. వాడు వీపు చూపించి, ఉండ తగిలిందన్నాడు. తిరిగి చూస్తే దారిలో ఎవరూ లేరట. నేను దాక్కున్నాననుకుని నవ్వుకుంటూ వచ్చేశాడట.

వాడి నవ్వు ఆగకముందే వాగు వైపు నుంచి తుపాకుల మోత వినపడింది.

మక్కచేన్లలో పోలీసులు కాపు కాశారని సాయంత్రానికి తెలిసింది. ఆ దారిన పోయిన ఒకాయన, పిలిచినా ఆగలేదని ప్రాణం పోగొట్టుకున్నాడు. తమ్ముడు బతికాడన్న సంతోషం కంటే ముందు నాకు భయం పట్టుకుంది. వీణ్ణి పోలీసులు అడిగితే, మా అన్న పిలిచాడని నన్నే చూపిస్తాడు కదా! నీకు ముందే ఎట్లా తెలుసని వాళ్లు నన్ను అడగరా? చాలా రోజులు వాణ్ణి గడప దాటనివ్వలేదు.

ఎవరో సంగతి తెలిసినవాళ్లే విసిరి ఉంటారు. మా షెడ్డు పద్ధతి తెలిసినవాళ్లే. ఎల్లవ్వను నిలదీశాను.

“నిజం చెప్పు అవ్వా, నీకు ముందుగాల్నే ఎవలన్న చెప్పిండ్రా?”

“నాకెవలు చెప్తరు కొడుకా? గీ పోరనికి చెవుల్లేవు, నువ్వే కాపాడు ప్రభువా అని పొద్దుగాల మొక్కుకున్న. గంతే. బలం లేనోళ్ల దిక్కే ఆయన ముందుగాల చూస్తడు.”

నేను నమ్మలేదు. ఆమె ఇంటికి ఎవరు వస్తున్నారో కనిపెట్టాను. ఒక ఆదివారం కోరుట్ల బస్సులో ఆమెకు తెలియకుండా వెనకే పోయాను. రేకుల ప్రార్థన మందిరంలో చాపల మీద ముసలవ్వలు, కాళ్లు లేని ఒకాయన, పిల్లల తల్లులు. కళ్లు మూసుకుని ఏడుస్తూ పాడుతున్నారు. వీళ్లలో కబురు మోసేది ఎవరా అని ఒక్కొక్కరి మొహం చూశాను. పాస్టరు నన్ను కొత్త విశ్వాసి అనుకుని చాయ్ ఇచ్చాడు. నాకు ఏమీ దొరకలేదు.

ఏళ్లు గడిచాయి. ఎల్లవ్వ పోయింది. పోలీసుల భయం కూడా పోయాక ఒకరోజు తమ్ముణ్ణి మళ్లీ అడిగాను. షెడ్డులో అంతమంది ఉండగా నేనే విసిరానని ఎట్లా అనుకున్నావురా అని. ఎడమ భుజం కిందే తగిలిందట, నేను కొట్టేది అక్కడేనట. తర్వాత కొంచెం ఆలోచించి, అరచేత్తో నా చెంప నిమిరి చూపించాడు. ఆ రోజు మాత్రం ఇంత మెత్తగా తగిలిందట.

ప్రాణం కాపాడింది నేనేనని వాడు ఇప్పటికీ నాకే మొక్కుతాడు. నేను కాదురా అంటే నమ్మడు. మరి ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. నేనైతే వాణ్ణి ఎన్నడూ అంత మెత్తగా పిలవలేదు.