బొట్టు పెట్టిన మోటారు

నా తెలివితక్కువతనాన్ని ముందుగా నేనే ఒప్పుకుంటాను. ఇంకొకరు చెబితే వివరాలు ఎక్కువవుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని, ఆరేళ్ళలో ఒక్కసారైనా ఆ నాలుగు చక్రాల మీట తిప్పని మనిషిని నేను. షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంటు నుంచి నా ఆఫీసుకు రెండు కిలోమీటర్లు. ఆ దారిలో కొండలు లేవు, ఎడారి లేదు. స్పీడ్ బ్రేకర్లు మూడు, ఆవు ఒకటి.

మామూలుగా ఆ బండిని వెనక చక్రాలు రెండే నడుపుతాయి. స్టీరింగ్ పక్కనున్న గుండ్రటి మీట తిప్పితే, కింద గేర్ బాక్సుకు అంటుకొని ఉన్న చిన్న మోటారు లోపలి పళ్ళను జరిపి ముందు చక్రాలకు కూడా పని అప్పజెబుతుంది. నేను మాత్రం ఆ మీటకు గానీ మోటారుకు గానీ ఏ పనీ చెప్పలేదు. చెప్పకపోగా, ఏటా పూజ చేశాను.

మా వాళ్ళది పాత ఉత్తర మద్రాసులో పప్పుల టోకు వ్యాపారం. ఆయుధపూజ వచ్చిందంటే త్రాసు, తూకపు రాళ్ళు, బస్తాలు లాగే కొక్కెం, గల్లాపెట్టె తాళంచెవి, ఏదీ కడగకుండా, బొట్టు పెట్టకుండా వదిలేవాళ్ళు కాదు. మనుషులకు కనబడని చోట పెట్టిన బొట్టే దేవుడికి కనబడుతుందని మా నాన్న నమ్మకం. అందుకని త్రాసు పళ్ళాలను బోర్లించి అడుగున పెట్టేవాడు. నాకు మిగిలిన ఆయుధం ఆఫీసు ల్యాప్‌టాప్. దాన్ని కడగలేను. ఆ భక్తి అంతా బండి మీద పడింది. ఏటా చాప పరుచుకొని బండి కింద దూరి, గుండ్రంగా కనబడిన ప్రతిదానికీ గంధం పూసి కుంకుమ పెట్టేవాణ్ణి. మూడో నాటికి అది ఎండి పిడచ కడుతుంది కనుక, వాటర్ సర్వీసుకు తీసుకెళ్ళి కింద నుంచి ప్రెషర్ పంపుతో కొట్టించేవాణ్ణి. బండి అడుగు ఎంత శుభ్రంగా ఉండేదంటే, పైభాగం సిగ్గుపడేది.

ఇక మా బావ. మా ఆవిడకు అన్న. చింతాద్రిపేటలో హార్డ్‌వేర్ కొట్టు. మేకు నుంచి మేడ దాకా తనకు తెలియనిది లేదని బావ భావం. ఆ భావాన్ని కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పోయిన ఏడాది అతను మా అపార్ట్‌మెంటు దాటాక, చిత్తడి నేలల వైపు, ఒక స్థలం కొన్నాడు. ఎర్ర గ్రావెల్ తోలించి, రోలరు తొక్కించి, గేటు పెట్టించాడు. “పక్కనే ఉండావు గదా మాప్పిళ్ళై, అప్పుడప్పుడు ఒక సుట్టు సుట్టి చూస్తా ఉండు” అని ఒక తాళంచెవి నాకిచ్చాడు. చెల్లెలి మొగుణ్ణి అరవంలో పిలిచినట్టు నన్ను మాప్పిళ్ళై అనే పిలుస్తాడు. అతని కళ్ళతో చూస్తే నేను ఆ కుటుంబంలో వాచ్‌మన్ స్థాయికి ఎదిగిన రోజు అది.

ఆ ఏడాది ఆయుధపూజ అయిన వారానికి మమ్మల్నందరినీ ఆ స్థలం చూపించడానికి పిలిచాడు. ముందురోజు మొదటి వాన పడింది. బండి గేటు దాటి లోపలికి వెళ్ళగానే బావ చేతులు చాపి మొదలుపెట్టాడు.

“ఈడ చుక్క నీళ్ళు నిలవవు మాప్పిళ్ళై. సుట్టూ మునిగినా ఇది మునగదు.”

అతనా మాట అంటుండగానే నా వెనక చక్రాలు ఆ మునగని నేలలో జానెడు మునిగాయి.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. ఆరేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ. అందరూ చూస్తుండగా, యుద్ధంలో కత్తి దూసినట్టు, మీట తిప్పాను. నాలుగు చక్రాల గుర్తు ముందర పచ్చ లైటు వెలిగింది. వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగి, కన్ను కొట్టడం మొదలుపెట్టింది. అది నిలకడగా వెలగాలి. నేను యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు మరింత లోతుకు తవ్వి, ఆ తవ్విన ఎర్రమట్టినంతా బావ తెల్ల చొక్కాకు సమర్పించాయి. చివరికి పక్క సైటులో పనిచేసే మనుషులు వచ్చి తోశారు. బావ వాళ్ళను వేలితో లెక్కపెట్టాడు.

“ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఓహో, ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇదా? నలుగురు తోసేదా?”

మా ఆవిడ నవ్వింది. అక్కడే ఆగి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. బావ చొక్కా దులుపుకొని తీర్పు చెప్పాడు. “గేర్ బాక్సే పోయింది. ఇంక అది పని సెయ్యదు. నాకిచ్చెయ్ మాప్పిళ్ళై, కొట్టుకు పైపులు తోలేదానికి పెట్టుకుంటా.”

నా బండి మీద పైపులు! అడుగున కూడా దుమ్ము పడనివ్వని బండి మీద!

ఇంటికొచ్చాక మా ఆవిడ నిదానంగా అంది. “చిన్న కారు చాలని నేను చెప్పినప్పుడు ఏమన్నారు మీరు? వానాకాలంలో నువ్వే నాకు దండం పెడతావు అన్నారా లేదా? వానాకాలం వచ్చింది. దీపావళి లోపల ఆ లైటు ఆడకుండా నిలబడి వెలగాల. లేకుంటే బండి అన్నకు ఇచ్చేయండి.”

నేను వీడియోలు చూసి స్వయంగా చికిత్సకు దిగాను. ఫ్యూజులన్నీ తీసి చూశాను. అన్నీ బాగున్నాయి. తిరిగి పెట్టాక లైటు అలాగే కన్ను కొడుతోంది కానీ హారన్ పోయింది. చెన్నైలో హారన్ లేకుండా బండి నడపడమంటే కళ్ళు మూసుకొని నడపడమే. మా ఆఫీసు క్యాబ్ డ్రైవరు నా మీద జాలిపడి వ్యాసర్పాడిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళమన్నాడు. దారి పొడవునా అద్దం దించి చేత్తో దండాలు పెట్టుకుంటూ వెళ్ళాను.

రైల్వే యార్డు గోడ వెనక రేకుల షెడ్డు. మెకానిక్కు అరవై దాటిన తెలుగాయన. నేను వీడియోల్లో నేర్చిన విద్యంతా వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మాట్లాడబాకండి సార్. ఇంజన్ వద్దు, కీ మాత్రం ఆన్ చేసి మీట తిప్పండి. నేను కింద పొణుకొని ఇంటా.”

తిప్పాను. కింద నుంచి గొంతు వచ్చింది. “తిప్పినారా?”

“తిప్పాను.”

“టిక్కు లేదు, టక్కు లేదు. మోటారు మౌనవ్రతంలో ఉండాది.”

మోటారుకు వచ్చే ప్లగ్గు ఊడదీసి, రెండు వైర్ల మధ్య చిన్న బల్బు పెట్టి మళ్ళీ తిప్పమన్నాడు. బల్బు వెలిగింది. “కరెంటు ఈడిదాకా వస్తా ఉండాది. అంటే మీట మంచిది, వైరు మంచిది.” తర్వాత మూడు బోల్టులు విప్పి మోటారును చేతిలోకి తీసుకున్నాడు. అది తిప్పే ఇనప కడ్డీ చివర గేర్ బాక్సులోంచి బయటికి కనబడుతోంది. దాన్ని పట్టకారుతో పట్టి తిప్పితే ‘కళక్’మని అవతలికి పడింది. వెనక్కి తిప్పితే మళ్ళీ కళక్.

“వెన్నలో కత్తి దిగినట్టు తిరుగుతా ఉండాది. గేర్ బాక్సు పోయిందని చెప్పింది ఎవురు?”

“మా బావ.”

“మెకానిక్కా?”

“కాదు, బావ.”

“సరి సరి. అది అంతకంటే పెద్ద ఉద్యోగం.”

మోటారు మూత విప్పగానే గోధుమరంగు నీళ్ళు కారాయి. లోపల రాగి ముక్కల మీద చిలుము, అయస్కాంతాల మీద తుప్పు. అన్నిటినీ కలిపి పట్టి ఉంచుతూ పసుపూ ఎరుపూ కలిసిన ఒక గట్టి ముద్ద. ఆయన దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

“సార్, ఇది గ్రీసు కాదు. గంధం. ఏ గుళ్ళో సర్వీసు చేపించినారు?”

చెప్పక తప్పలేదు. చాప దగ్గర్నుంచి ప్రెషర్ పంపు దాకా మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

“ఈ ప్లగ్గు కాడ రబ్బరు చీలి ఉండాది, చూడండి. మీరు పూసినారు, పంపువాడు లోపలికి తోసినాడు. అయినా మోటారు తిరుగుతా ఉండుంటే ఆ తడి ఆరిపోయుండేది. ఆరేండ్లు కదిలిస్తిరా మీరు? బొట్టు పెట్టి మూల కూసోబెడితే మనిషైనా బిగుసుకుపోతాడు సార్.”

రెండు గంటలు పట్టింది. పెట్రోలులో కడిగి, ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త గ్రీసు పెట్టి, రెండు వైర్లు బ్యాటరీకి తగిలించాడు. మోటారు మొదట మూలిగింది. తర్వాత ఒకసారి వణికి, గిర్రున తిరిగింది. “తీసిన గుర్తులోనే బిగించాల. ఒక పన్ను తేడా వచ్చినా మీట ఒకటంటాది, బండి ఒకటంటాది” అంటూ బిగించి, చీలిన రబ్బరు మార్చి, పనిలో పనిగా హారన్ ఫ్యూజు కూడా సరైన గదిలోకి మార్చాడు. దాని గురించి ఒక్క మాట అనకపోవడం ఆయన పెద్దరికం.

మీట తిప్పాను. కింద ‘గుర్ర్... టక్’. లైటు వెలిగింది. కన్ను కొట్టలేదు.

నేను చేతులు జోడించబోతే ఆయన వారించాడు. “దండాలు చాలు సార్, ఆ బండి దండాలతోనే చెడింది. నెలకొకతూరి మీట తిప్పండి. తారు రోడ్డు మీద వద్దు, పళ్ళు బిగుసుకుంటాయి. మెత్తని మన్నులో పది అడుగులు ముందుకి, పది అడుగులు వెనక్కి. మర్చిపోతారంటే అమావాస్య పెట్టుకోండి, ఎట్టాగూ బండికి దిష్టి గుమ్మడికాయ కొడతారు గదా.”

ఆ సాయంత్రం మా ఆవిడ ముందు సీట్లో కూర్చొని, పొయ్యి మీద పాలను చూసినట్టు, ఆ లైటును చాలాసేపు చూసింది. అది పొంగలేదు, తగ్గలేదు. “సరే, ఉంచుకోండి” అంది. దండం మాత్రం పెట్టలేదు.

దీపావళి ముందురోజు బావ ఫోను చేశాడు. “మాప్పిళ్ళై, బండి ఎప్పుడు తెస్తా ఉండావు?”

“అమావాస్యకు మీ స్థలానికి తెస్తా బావా” అన్నాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

ఎందుకంటే షోళింగనల్లూరులో నాకు తెలిసిన మెత్తని మన్ను ఒక్కటే ఉంది. తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. ఆ రోజు నుంచి ప్రతి అమావాస్యకూ బండి ముందు గుమ్మడికాయ కొట్టి, నేరుగా బావ స్థలానికి వెళ్ళి, మీట తిప్పి, పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి నడుపుతున్నాను. వైద్యుడి మాట కనుక ఒక్కోసారి మోతాదు పెంచుతాను. రోలరు తొక్కిన ఎర్ర నేల మీద ఇప్పుడు రెండు చక్కటి కాలువలు పడ్డాయి.

మొన్న వాన వెలిసిన అమావాస్య నాడు నేను వెళ్ళేసరికి గేటు తీసే ఉంది. బావ ఒక వాస్తు పెద్దమనిషిని పక్కన పెట్టుకొని చేతులు చాపి ఉన్నాడు. “ఈడ చుక్క నీళ్ళు...” అని ఆగిపోయాడు. రెండు కాలువల నిండా నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఒకదాంట్లో కొంగ నిలబడి ఉంది.

“మాప్పిళ్ళై, ఏంది ఇది?”

“చుట్టూ ఎండినా ఇది ఎండదు బావా” అన్నాను. కొంగ లేచి పోయేదాకా మర్యాదగా ఆగి, మీట తిప్పాను.