దిగిపోయిన బ్యాటరీతో బందరు, గుడివాడ

మా అబ్బాయి సూర్యం నాగాయలంక నుంచి సముద్రంలోకి వేటకు వెళ్తాడు. వెళ్లేటప్పుడు పడవలోని వైర్‌లెస్ సెట్టు బాగానే పలుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బ్యాటరీ దిగిపోయి సెట్టు మూగబోతుంది. ఒడ్డున షెడ్డులో ఇంకో సెట్టు పెట్టుకుని కూర్చున్న నాకు, ఆగింది సెట్టో పడవో తెలియదు. అందుకే పన్నెండు ఓల్టులు నిలకడగా ఇచ్చే కన్వర్టర్ కొందామని బయలుదేరాను. మావాళ్లు పడవ దిగగానే బ్యాటరీని ఛార్జింగ్‌కు పెడతారు, నిండాకే సెట్టు పరీక్షిస్తారు. అప్పుడు పలక్కేం చేస్తుంది? ఈసారి నేను పెట్టనివ్వలేదు. దిగిన బ్యాటరీనే తువ్వాలులో చుట్టి బుట్టలో పెట్టుకున్నాను.

పొద్దున్నే అవనిగడ్డలో బస్సెక్కితే చల్లపల్లి మీదుగా బందరు చేరుస్తుంది. “బుట్టలో రొయ్యలా మామ్మగారూ?” అన్నాడు కండక్టరు.

“బ్యాటరీ నాయనా. సీలు వేసిందే, కారదు. కారదు కదా?”

“నన్నడుగుతారేంటండీ!”

దారంతా బుట్ట అడుగు తడుముకుంటూనే ఉన్నాను. బందరు కొట్టాయన కన్వర్టర్‌ను తన బ్యాటరీకి తగిలించి, మీటరులో పన్నెండు చూపించాడు. మా బ్యాటరీకి తగిలించమన్నాను. పన్నెండు రాలేదు.

“మీది పదకొండుకు దిగిపోయిందండీ. ఇది ఎక్కువైతే దించుతుంది, తక్కువైతే పెంచలేదు.”

“పెంచేదే ఇవ్వండి మరి.”

“అది నిండు బ్యాటరీకి పెడితే పన్నెండు దాటిపోద్ది పిన్నిగారూ. మీకు రెండూ చేసేది కావాలి, బక్-బూస్ట్ అంటారు. గుడివాడలో మా బావమరిది కొట్లో ఉంది” అంటూ ఫోన్ చేసి చెప్పాడు.

మళ్లీ బస్సు. భోజనానికి కొట్టు మూసేస్తారేమోనని గంటకు పైగా నా హడావుడి నాది. మూయలేదు. కౌంటర్లో ఆ బావమరిది భార్య. “రండత్తయ్యగారూ, అన్నయ్య చెప్పాడు” అంటూ మా బ్యాటరీకే తగిలించింది. సరిగ్గా పన్నెండు! తర్వాత నిండు బ్యాటరీకి పెట్టినా పన్నెండే. సెట్టు వెనక చీటీని నేను ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లాను. మాట్లాడేటప్పుడు సెట్టు లాగే కరెంటు అందులో చూసి, దానికి తట్టుకునే సైజు ఇచ్చింది. “పెంచుతోంది కదా అని కబుర్లు పెట్టుకోకండి. బ్యాటరీ ఇంకా తొందరగా దిగుద్ది” అంది. పామర్రు, కూచిపూడి మీదుగా చీకటి పడకముందే ఇల్లు చేరాను.

తర్వాతి వేట నుంచి వాడు తిరిగొస్తుంటే, ఎప్పుడూ మూగబోయే వేళకు షెడ్డులో సెట్టు గరగరమంది.

“అమ్మా, వినపడుతోందా?”

“వినపడుతోందిరా! తిన్నావా? గాలెలా ఉంది? ఇంజను...”

“ఆపవే తల్లీ, బ్యాటరీ దిగుద్ది! గంటలో ఒడ్డుకొస్తా.”

నా భయాలు ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రోజు వాడి చేత తిట్టించుకుని, ఇంటికెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టాను. ఎప్పుడొస్తాడో తెలిసి ఎసరు పెట్టడం ఎంత హాయో! మీరూ ఇలాంటిది కొనడానికి వెళ్తే, బ్యాటరీని ఛార్జి చేయకుండా, దిగిపోయినదాన్నే కొట్టుకు తీసుకెళ్లండి.